చెరిపేసిన బట్ నంబరు

గత నెలలో మా ఊరికి గంట దూరంలో జరిగిన ఒక గన్ షోకు వెళ్లాను. ఒహాయోలో ఇవి చలికాలమంతా ఏదో ఒక ఊళ్లో జరుగుతూనే ఉంటాయి. నేను కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. ఒక బల్ల చివర, పాత బయొనెట్ల పక్కన, ఒక త్రీ నాట్ త్రీ రైఫిల్ కనిపించింది. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప కడ్డీ) వెనుక, భుజానికి ఆనించే బట్ కర్ర మొదలయ్యే చోట ఉండే ఇనుప సాకెట్ మీద కిరీటం, దాని కింద జార్జి చక్రవర్తిని సూచించే జి.ఆర్.ఐ. అన్న మూడు అక్షరాలు, ఆ కింద బెంగాల్‌లోని ఆయుధ కర్మాగారం పేరు ఇషాపూర్, 1943. మనదే. అయితే కర్ర మాత్రం పెళ్లికి కొన్న కొత్త పందిరిమంచంలా మెరిసిపోతోంది.

అమ్మే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి, మాటల మనిషి. ఆ రైఫిల్ తన చేతికి వచ్చినప్పుడు దాని ముందు కర్ర చుట్టూ రాగి తీగ చుట్టి, టంకం పోసి ఉండేదట. ఆ తీగ కత్తిరించి లాగేశాడు. తీగ ఒరిపిడికి కర్రలో పడిన గాడులు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. కర్రకు అడ్డంగా బిగించిన ఒక మరను తీసేసి, ఆ రంధ్రంలో కర్రముక్క కొట్టి, పైన మూడు పూతలు వార్నిష్ వేశాడు. రెండు చలికాలాలు పట్టిందని, ఇండియాలో చేసిన పాడునంతా తీసేశానని సంతోషంగా చెప్పాడు. ఆయన మాటలో వెటకారం ఏమీ లేదు. జబ్బుపడిన కుక్కపిల్లను సాకి నిలబెట్టినవాడు మాట్లాడినట్టే మాట్లాడాడు.

నేను ఏమీ అనలేదు. మర్యాద కొంత, సిగ్గు కొంత. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం నేను చేసిందీ అటువంటి పనే. నాది ఇంకా చిన్నది, ఇంకా తెలివితక్కువది. ఇంటికి వచ్చాక కూడా ఆ మెరుపు కళ్లలోంచి పోలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆ పెద్దాయన పాడు అనుకున్నవి ఏమిటో ముందు చెప్పాలి. రైఫిల్ మూతికి ఒక గిన్నె తగిలించి, దానిలో గ్రెనేడు పెట్టి, గుండులేని తూటాతో దాన్ని విసిరే పద్ధతి ఒకటి ఉండేది. ఆ తన్నుకు ముందు కర్ర చీలిపోతుంది కనుక తీగ చుట్టి బిగించేవారు. ఇక అడ్డ మర ఇషాపూర్ సొంత ఉపాయం. తూటాలు పట్టే మ్యాగజైన్‌కు కాస్త ముందు కర్ర నెర్రెలు విచ్చకుండా రెండు చెంపలనూ కలిపి పట్టి ఉంచుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ (త్రీ నాట్ త్రీ అసలు పేరు ఇదే) సేకరించేవాళ్లు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. చాలామంది దాన్ని లోపంగానే లెక్కగట్టి ధర తగ్గిస్తారు. ఇంగ్లండులో గీసిన నమూనాను హుగ్లీ ఒడ్డున పనిచేసేవాళ్లు తమ అనుభవంతో సరిదిద్దుకున్న గుర్తు అది. దాన్ని పీకి, రంధ్రం పూడ్చి, ఇప్పుడిది అసలు రూపానికి వచ్చిందంటే నాకు మింగుడుపడదు.

నా అభిప్రాయం ఇది: పాత సైనిక రైఫిల్‌ను భద్రపరచాలనుకునేవాడికి కర్మాగారం వేసిన ముద్రలు ఎంత ముఖ్యమో, దాన్ని చివరిదాకా మోసినవాళ్లు చేసిన మరమ్మతులూ రాతలూ గీతలూ అంతే ముఖ్యం. మా సేకర్తల లోకం మొదటివాటికి దండం పెట్టి రెండోవాటిని గరుకు కాగితంతో రుద్దేస్తుంది.

మామయ్యగారు అడిగిన ప్రశ్న

నాకు ఈ పిచ్చి ఎన్‌సీసీలో అంటుకుంది. డిగ్రీ కాలేజీలో మా చేతికిచ్చినవి డి.పి. రైఫిళ్లు, అంటే డ్రిల్లుకు తప్ప పేల్చడానికి పనికిరాకుండా చేసిన త్రీ నాట్ త్రీలు. కాల్చడానికి వేరే పాయింట్ టూ టూ రైఫిళ్లు ఉండేవి. ‘సలామీ శస్త్ర్’ అనగానే నాలుగు కిలోల బరువును ఎత్తి పట్టుకుంటే చేతులు వణికేవి. అమెరికా వచ్చి స్థిరపడ్డాక, యాభై ఏళ్లు దాటిన ఆయుధాలు సేకరించేవారికి ఇచ్చే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు ఒకటుందని తెలిసి, మూడేళ్లకు ముప్పై డాలర్లు కట్టి తీసుకున్నాను. 2014లో నా మొదటి రైఫిల్ కొన్నాను. అదీ ఇషాపూరే, 1944.

అది వచ్చిన రోజు దాని బట్ మీద కుడివైపు తెల్లరంగుతో ఏవో రెండు అంకెలు ఉన్నాయి. బ్రష్షుతో వంకరగా వేసినవి, సగం పొలుసులు లేచిపోయినవి. నేను వాటిని మురికి కింద జమకట్టాను. మా ఆవిడ గోళ్లరంగు చెరుపుకునే ఎసిటోన్ సీసా తెచ్చి, దూదితో రుద్దేశాను. ఐదు నిమిషాల పని. కింద కర్ర లేతగా బయటపడింది. దాని మీద అవిసె నూనె రాసి, ఫోటో తీసి మిత్రులకు పంపుకున్నాను కూడా.

రెండేళ్ల తర్వాత మామయ్యగారు వేసవికి వచ్చారు. శ్రీకాకుళం జిల్లాలో ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. నా ఉబలాటం ఆపుకోలేక సేఫ్ తెరిచి రైఫిల్ ఆయన చేతికిచ్చాను. ఆయన ముఖంలో ఏ భావమూ లేదు. మూతి కిటికీ వైపు తిప్పి, బోల్ట్ వెనక్కు లాగి, చిటికెన వేలు తూటా కూర్చునే చాంబర్‌లో పెట్టి చూసుకున్నారు. చీకట్లో కూడా తెలిసేలా అలా వేలితోనే చూడమని ట్రైనింగులో నేర్పారట. తర్వాత బట్ అడుగున ఇత్తడి తలుపు బొటనవేలితో తెరిచి లోపలికి తొంగిచూశారు. నూనె సీసా, బ్యారెల్ లోపల శుభ్రం చేసే పుల్ త్రూ తాడు ఉండే చోటు అది. ఖాళీగా ఉంది. మూసేశారు. ఆ తర్వాత బట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “బట్ నంబరేటైపోయింది అల్లుడుగారూ?” అన్నారు.

“ఏ నంబరండీ?”

“తెల్లరంగుతో ఏస్తారు గదా. అది లేకపోతే బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఇది ఎవరిదని ఇస్తారు?”

నేను బోల్ట్ కదిలే ఇనుప గూడైన రిసీవర్ మీద చెక్కిన సీరియల్ నంబరు చూపించాను. అది రికార్డుకేనని, దాన్ని ఎవరూ పలకరని ఆయన చెప్పారు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటే ఆయుధాగారం, దాని కిటికీ దగ్గర నిలబడి బట్ నంబరు చెప్పాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి, ఆ రైఫిలే తీసుకోవాలి. ఆయన ముందు మోసింది 410 మస్కెట్, తర్వాత వచ్చిన త్రీ నాట్ త్రీ బట్ నంబరు 62. తన పిల్లల పుట్టినరోజులు అడిగితే తడుముకునే మనిషి, ఆ నంబరు మాత్రం అడక్కుండానే చెప్పారు. ఇంకో మాట కూడా నవ్వుతూ చెప్పారు: సాకెట్ మీద ఇషాపూర్ అని ఉండడం చూసి తమ బ్యాచ్‌లో సగం మంది ఈ రైఫిళ్లు మన ఇచ్ఛాపురంలోనే చేస్తారని చాలాకాలం అనుకున్నారట.

నాకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. బోల్ట్, రిసీవర్, మూతి దగ్గరి ఇనుప తొడుగైన నోస్ క్యాప్, గురి చూసే వెనుక సైటు రేకు, ఈ నాలుగు చోట్లా సీరియల్ నంబరు ఒకటేనా కాదా అని భూతద్దం పెట్టి చూసేవాళ్లం మేము. కలిస్తే ధర పెరుగుతుంది. ఏ పేరుతో ఆ రైఫిల్‌ను దశాబ్దాలపాటు రోజూ పిలిచారో దాన్ని మాత్రం దూదితో తుడిచి చెత్తబుట్టలో వేశాను.

ఏ రూపం అసలు రూపం?

‘ఒరిజినల్ కండిషన్’ అన్న మాట మా లోకంలో మంత్రం. ఆ మాటకు అర్థం ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్న రూపమని. 1943లో ఇషాపూర్ గేటు దాటిన రైఫిల్ ఆ రూపంలో ఎన్నాళ్లు ఉండి ఉంటుంది? యుద్ధకాలంలో వారాలు, మహా అయితే నెలలు. ఆ తర్వాత మిగిలిన జీవితమంతా కర్రలు మారుతూ, బోల్ట్ తలలు మారుతూ, బ్యారెళ్లు మారుతూ గడిచింది. అలా మార్చగలిగేలానే దాన్ని తయారుచేశారు. బోల్ట్ తల మరతో ఊడివచ్చేది అందుకే. వేర్వేరు కొలతల తలలు నిలవ ఉంచుకుని, అరిగినప్పుడల్లా సరిపడేది బిగించేవారు. మరమ్మతు దాని స్వభావం. మరమ్మతు ఆనవాలు లేని సైనిక రైఫిల్‌ను చూస్తే నాకు ముందు అనుమానమే కలుగుతుంది.

జపాన్ అరిసాకా రైఫిళ్ల కథ దీనికి గట్టి ఉదాహరణ. వాటి రిసీవర్ మీద పదహారు రేకుల చామంతి ఉండేది, అది చక్రవర్తి ముద్ర. 1945లో లొంగిపోయినప్పుడు అప్పగించిన రైఫిళ్ల మీద ఆ పువ్వును అరగదీసేశారు. అరగదీయని పువ్వు ఉన్న రైఫిల్‌కు నేడు ధర ఎక్కువ కనుక, అరిగినచోట మళ్లీ పువ్వు చెక్కే ఘనులు బయలుదేరారు. ఆ గీకుడు లొంగుబాటుకు సాక్ష్యం. దాని మీద కొత్త పువ్వు చెక్కితే సాక్షి నోట అబద్ధం చెప్పించినట్టే. ఈ మాట చెబితే అరిసాకా సేకర్తలు ఒప్పుకుంటారు. ఇషాపూర్ స్క్రూ పూడ్చడం దానికి ఎంత దూరమని అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు.

సోవియట్లు పట్టుకున్న జర్మన్ కె98 రైఫిళ్లదీ ఇదే దారి. వాళ్లు వాటిని కుప్పగా విప్పి, శుభ్రం చేసి, ఏ బోల్ట్ దేనికి దొరికితే దానికి వేసి, నంబర్లు ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసి గోదాముల్లో పెట్టారు. కొత్తలో వాటిని సేకర్తలు రెండో రకంగా చూశారు. ఇప్పుడు అవి ఒక ప్రత్యేక శాఖ, వాటికే పేరు పెట్టి వెతికేవాళ్లున్నారు. మన తీగచుట్టిన ఇషాపూర్‌లకు ఆ రోజు ఇంకా రాలేదు.

అమెరికాలోకి దిగుమతి చేసేటప్పుడు బ్యారెల్ మీద కొట్టే సన్నని ముద్ర ఒకటుంటుంది. దిగుమతిదారు పేరు, ఊరు ఉంటాయి. దాన్ని చూస్తేనే చాలామందికి వికారం. నాకూ అందంగా ఏమీ కనిపించదు. నా వాదనకు నేను కట్టుబడాలంటే దాన్నీ ఉంచాలి. ఉంచాను.

తుప్పును ఏం చేయాలి?

ఇక్కడ నా వాదనకు మొదటి గట్టి దెబ్బ తగులుతుంది. అన్నీ ఉంచాలంటే తుప్పునూ ఉంచాలా? చెదనూ ఉంచాలా?

తుప్పును ఉంచకూడదు. పాత త్రీ నాట్ త్రీ తూటాల ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే మందులో, పొటాషియం క్లోరేట్ ఉండేది. కాల్చినప్పుడు అది క్లోరైడ్ లవణంగా మారి బ్యారెల్ లోపల అంటుకుంటుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి లోపలినుంచి ఇనుమును తినేస్తుంది. నూనె ఎంత పూసినా ఉప్పు కరగదు. అందుకే బ్రిటిష్ సైన్యం ఒక గరాటు ఇచ్చి, చాంబర్ వైపునుంచి మరుగుతున్న నీళ్లు పోయమనేది. నీళ్లు ఉప్పును కరిగించి తీసుకుపోతాయి, ఆ వేడికి బ్యారెల్ దానంతటదే ఆరిపోతుంది, ఆపైన నూనె గుడ్డ. తుపాకీ ఇనుముకు శత్రువైన నీళ్లే ఇక్కడ మందు. ఇది నేను చేస్తాను, చేయమని అందరికీ చెబుతాను. కదులుతున్న తుప్పును నూనెలో తడిపిన సన్నని ఉక్కు పీచుతో, పాలిష్ రంగు పోకుండా మెల్లగా తీస్తాను. ఇత్తడి బట్ ప్లేటు మీది చిలుమును మాత్రం కర్రకు అంటనంతవరకు ముట్టుకోను. తళతళలాడించే సరదా ఒకప్పుడు ఉండేది.

తెలిసీ తెలియక చేసే నష్టం ఇంతకంటే ఎక్కువ. ఈ రకం లీ-ఎన్‌ఫీల్డ్ బట్ విప్పాలంటే ముందు కర్రను తప్పనిసరిగా ముందే తీయాలి. బట్‌ను పట్టి ఉంచే పొడవాటి బోల్ట్ చివర చదరంగా ఉండి, ముందు కర్ర వెనుకభాగంలోని రేకులో ఇరుక్కుని ఉంటుంది. కర్ర తీయకుండా దాన్ని తిప్పితే ఆ చదరపు కొన కర్రను లోపలినుంచి చీల్చేస్తుంది. నిలవ పెట్టేటప్పుడు మూతి కిందికి పెట్టడం మంచిది. బట్ కిందికి ఉంటే ఇనుము మీది నూనె జారి, చేయి పట్టుకునే సన్నని భాగంలో ఇంకి, కొన్నేళ్లకు కర్ర మెత్తబడిపోతుంది.

గన్ షో పెద్దాయన వైపునుంచి ఒక మాట చెప్పాలి, అది నన్ను ఇప్పటికీ వదలలేదు. తీగ ముందు కర్రనూ బ్యారెల్‌నూ కలిపి చుట్టేస్తుంది కనుక, తీగ తీయనిదే లోపల బ్యారెల్ పైభాగం ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ఆయన తీసి చూస్తే ఒకచోట అరచేయంత మేర తుప్పు పట్టి ఉందట. తీగ ఉంచితే ఇనుము పోతుంది, తీగ తీస్తే చరిత్ర పోతుంది. దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. నా నిర్ణయం మాత్రం ఉంది: తీగచుట్టిన రైఫిల్‌ను నేను కాల్చను. కాల్చనప్పుడు బ్యారెల్ పైభాగం నునుపుగా ఉండవలసిన పని లేదు. గదిలో తేమ యాభై శాతం దాటకుండా చూసుకుంటే లోపలి తుప్పు చాలావరకు ఉన్నచోటే ఆగుతుంది. నాకు కనబడని తుప్పు కంటే, కనబడుతున్న చేతిపని విలువైనదని పందెం కాస్తున్నాను. ఓడిపోవచ్చు కూడా.

వేటకోసం కర్ర సగానికి కోసేసిన రైఫిళ్లకు మళ్లీ కొత్త కర్ర అమర్చడం మీద కూడా నా మనసు స్థిరంగా లేదు. 1950ల్లో ఒక రైతు దాన్ని జింకల వేటకు కోసుకున్నాడంటే అదీ దాని జీవితమే కదా అని నా వాదనే నన్ను నిలదీస్తుంది. నేను ఒకదానికి కర్ర అమర్చాను. కోసిన కర్ర పారేయకుండా, ఏ రోజు ఏం మార్చానో చీటీ రాసి కట్టి పెట్టాను.

ఇంట్లో ఎందుకు?

అసలు ప్రశ్న ఇది కాదని మా ఆవిడ అంటుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో పది నిమిషాలపాటు 1,650 తూటాలు కాల్చింది ఈ త్రీ నాట్ త్రీ తోనే. అటువంటిది మన ఇంట్లో ఎందుకని ఆమె అడిగినప్పుడు, మన సైనికులు రెండు ప్రపంచయుద్ధాల్లో మోసింది కూడా ఇదేనని చెప్పాను. అది జవాబు కాదని నాకే తెలుసు. ఒక లెక్కతో ఇంకో లెక్క కొట్టివేయడం కుదరదు. రైఫిల్ హాల్లో గోడ మీదికి రాలేదు. సేఫ్‌లో ఉంటుంది. ఈ విషయంలో ఆమె మాటే సరైనదని ఒప్పుకున్నాను. గోడ మీద పెడితే అది అలంకారమవుతుంది. సేఫ్‌లో, కాగితాలతో సహా ఉంటే అది సాక్ష్యంగా ఉంటుంది.

కాగితాల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయినప్పుడు, ఏమేం తీసుకెళ్లాడో స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆ తుపాకులు ఎక్కడెక్కడికో పోయాయి. ఆ సంతకం కథ మాత్రం మన్యంలో పిల్లవాడికి కూడా తెలుసు. ఆయుధం కంటే దాని రిజిస్టరు ఎక్కువకాలం బతుకుతుందనడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

మన దేశంలో నాలాంటివాడు ఈ సేకరణ చేయడం దాదాపు అసాధ్యం. త్రీ నాట్ త్రీ పౌరులకు నిషిద్ధమైన బోర్, అంటే గొట్టం కొలత. ఆ కారణంగానే ఇషాపూర్ అదే లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రాంగంతో పౌరులకోసం .315 రైఫిల్ తయారుచేసింది. 1959 ఆయుధ చట్టంలో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్నా, అది బాగుచేసినా పేలని స్థితిలో ఉన్నవాటికే. 2019 సవరణతో లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. తాతగారి తుపాకీ మూడోదైతే అప్పగించవలసిందే. ఈ కట్టుదిట్టం తప్పని నేను అనను. నక్సలైట్ల లొంగుబాటు వార్తల్లో ఏకే-47 పక్కన ఇప్పటికీ త్రీ నాట్ త్రీ పేరు చదివే మనకు, అది ఇంకా పూర్తిగా పురావస్తువు కాలేదని వేరే చెప్పనక్కరలేదు.

నా ఫిర్యాదు అది కాదు. 1962 యుద్ధం తర్వాత సైన్యం ఆధునిక రైఫిళ్లకు మారుతుంటే, ఈ పాతవి పోలీసులకు చేరి అక్కడ మరో యాభై ఏళ్లు పనిచేశాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో వాటికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. వీడ్కోలు బాగానే ఉంది. ప్రతి జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు కార్యాలయంలో ఒక్క రైఫిల్‌ను, పేలకుండా చేసి, దాని బట్ నంబరుతో, దాన్ని ఎవరెవరు తీసుకున్నారో రాసిన రిజిస్టరుతో కలిపి ఒక అద్దాల పెట్టెలో ఉంచితే ఎంత ఖర్చు? రాజుల రత్నాల కత్తులకు మ్యూజియంలో చోటు సులభంగా దొరుకుతుంది. రాత్రి గార్డు డ్యూటీలో కానిస్టేబుల్ భుజాన మోసిన దానికి దొరకడం కష్టం. పైగా రైఫిల్‌ను పెట్టినా, పెట్టేముందు ఎవరో ఒకరు బట్‌కు చక్కగా వార్నిష్ వేయిస్తారని నా భయం.

లైసెన్సు ప్రకారం నేను నడపవలసిన పుస్తకంలో తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు, క్యాలిబర్, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నాను అన్న గళ్లు ఉంటాయి. బట్ నంబరుకు గడి లేదు. అందుకని నా సొంతంగా ఇంకో నోటుపుస్తకం పెట్టుకున్నాను. 1944 రైఫిల్ పేజీ నింపడానికి, అమ్మినవాడు అప్పట్లో పంపిన ఫోటోలు వెతికాను. ఒకే ఒక్క ఫోటోలో బట్ ఒక అంచుగా పడింది. రెండో అంకె 4 అని స్పష్టంగా తెలుస్తోంది. మొదటిది 1 కావచ్చు, 7 కావచ్చు. ఫోటో పెద్దది చేసి మామయ్యగారికి వాట్సాప్‌లో పంపితే, తమ ఆయుధాగారంలో ఒకటికి తలమీద కొక్కెం పెట్టేవారు కాదని, ఇది ఏడే అయి ఉండాలని అన్నారు. కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి, ఇది మన జిల్లాదని ఎవరు చెప్పారు, మీ ఇష్టం వచ్చినట్టు రాసేయకండి అని హెచ్చరించారు.

ఆ పేజీలో ఇప్పుడు ఇలా ఉంది: ‘బట్ నంబరు: తెల్లరంగు, కుడివైపు, రెండంకెలు. మొదటిది 1 లేదా 7, రెండోది 4. 2014లో ఎసిటోన్‌తో నేనే చెరిపాను.’